పప్పుకు గాటు పడకుండా

పలాసకు జీడిపప్పు తప్ప వేరే గొప్ప లేదనేవాళ్లు ఉన్నారు. అలాంటివాళ్లు రెండువేల ఎనిమిదిలో పక్కనే కాశీబుగ్గ బస్టాండులో దిగి, కంప్యూటరు మీద బొమ్మలు చేసే వసంత ఇల్లెక్కడని అడిగి ఉండాల్సింది. సోడాబండివాడు కూడా "జీడిబాబుని సేసిన వసంతేనా" అని ఎదురడిగి, ఆ తరవాతే దారి చెప్పేవాడు. జీడిబాబు ఎవరో తెలియదంటే మాత్రం, పాపం ఏ దేశం నుంచి వచ్చాడో అన్నట్టు చూసి, పక్క కిళ్లీకొట్లో వేలాడుతున్న పాకెట్టు చూపించేవాడు. వంకీ తిరిగిన తెల్లటి ఒళ్లు, నెత్తిన ఇటుకరంగు టోపీ, ఒక పక్కకి లాగిన నవ్వు. ఆ నవ్వుకు పడిపోని పిల్ల ఉద్దానం పల్లెల్లో లేదు.

అప్పటికి వసంత చేతికింద ఇద్దరు ఆడపిల్లలు పని నేర్చుకుంటున్నారు. కవిటి కొబ్బరి వ్యాపారికి మీసాలున్న కొబ్బరికాయ, టెక్కలి రాతి క్వారీవాళ్లకి నల్ల ఏనుగు, ఇచ్ఛాపురంలో ఒక బడికి అటు ఒడియా అక్షరాలు, ఇటు తెలుగు అక్షరాలు మోసే ఎలుగుబంటి, ఇవన్నీ ఆమె చేసినవే. ఏ బొమ్మను విప్పి చూసినా లోపల ఉండే సరుకు ఒకటే: డబ్బా, బంతి, గొట్టం, కడియం. వాటిని కలపడం, ఒకదానితో ఒకదాన్ని కోసెయ్యడం, అంతే. "ఇందులో ఏటుందండీ" అని ఆమె అంటే వినయం అనుకునేరు. అంత తక్కువ సరుకుతో అంత పని చేయగలిగిన మనిషి మాత్రమే అనగలిగే మాట అది. కాస్త గర్వంగానే అనేది. అనాలి కూడా.

అయితే ఆ మనిషి అలా తయారవడం వెనక ఒక జీడిపప్పు ఉంది. దాని చేతిలో ఆమె రెండుసార్లు ఓడిపోయింది.

వసంత తండ్రి సింహాద్రిది పూండి దగ్గర పల్లె. జీడితోటలు కౌలుకు పట్టేవాడు. తొంభైతొమ్మిది తుఫాను ఒక్క పూటలో తోటను నేలమీద పడుకోబెట్టేసింది. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా కడుపు ఆగదు కదా. భార్య జోగమ్మను, కూతుర్ని వెంటబెట్టుకుని కాశీబుగ్గ వచ్చి ఆటో పట్టాడు. జోగమ్మ సన్యాసిరావు షావుకారి జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి కుదిరింది.

ఆ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. పిక్క కొట్టి, ఆరబెట్టాక కూడా పప్పును ఇటుకరంగు పొట్టు ఒకటి పట్టుకుని ఉంటుంది. చిన్న కత్తి మొనతో దాన్ని రేపి, వేళ్లతో ఒలిచెయ్యాలి. పప్పు చెక్కుచెదరకుండా బయటపడితే గుండు. దానికే ధర, దానికే మర్యాద. రెండుగా చీలితే బద్ద. గాటు పడినా విరిగినా ముక్కల గంపలోకి పోతుంది. మచ్చ ఉంటే వేరే గంప. పురుగు కన్నం ఉంటే అసలు గంపే లేదు. జోగమ్మ ఒలిచిన పప్పులో ముక్క కనపడిందంటే ఆ రోజు ఆమెకు ఒంట్లో బాగోలేదని మిగతా ఆడవాళ్లు అనుకునేవారు. వసంత కూడా ఎండాకాలం సెలవుల్లో తల్లి పక్కన కూర్చుని ఒలిచేది. చేతులు పని నేర్చుకున్నాయి గానీ మనసు పీట మీద నిలిచేది కాదు.

ఇంటరు పాసయ్యాక సింహాద్రి కూతుర్ని గోవిందు కంప్యూటర్ సెంటర్లో చేర్పించాడు. ఆటో వెనకాల ఆ సెంటరు బోర్డు అంటించినందుకు గోవిందు ఫీజు తగ్గించాడని ఊళ్లో అంటారు. గోవిందు హైదరాబాదులో ఒక కార్టూన్ కంపెనీలో పనిచేసి, అది మూతపడితే తిరిగొచ్చిన మనిషి. పగలంతా పిల్లలకు టైపింగు నేర్పుతూ, మూల ఉన్న ఒక మిషను మీద మాత్రం తన పాత విద్యను బతికించుకునేవాడు. అందరూ టైపు కొడుతుంటే వసంత కళ్లు ఆ మూలకే పోయేవి. ఒకరోజు ఆయనే పిలిచాడు.

"ఇదిగో, ఇది డబ్బా. ఇది బంతి. బంతిని డబ్బాలోకి సగం దూర్చాను. ఇప్పుడు డబ్బాలోంచి బంతిని తీసెయ్యమంటాను, చూడు."

మీట నొక్కాడు. బంతి మాయమైంది. డబ్బాలో గిన్నెలా నున్నటి గుంట మిగిలింది.

"బంతి ఏటైపోనాది సార్?"

"బంతి పనైపోయింది. దాని కోత మిగిలింది. దీన్ని బూలియన్ అంటారు. మూడు రకాలు. రెండిటినీ కలిపెయ్యొచ్చు. ఒకదాన్నించి ఇంకోదాన్ని తీసెయ్యొచ్చు. లేకపోతే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న చోటు మాత్రం ఉంచి మిగతాది పారెయ్యొచ్చు. ఈ మూడూ వస్తే నీకు బతుకుంది."

పెద్ద ఊళ్లలో పెద్ద మిషన్ల మీద అయితే మట్టి పిసికినట్టు బొమ్మను పిసకొచ్చట. గోవిందు మిషను అలాంటి భాగ్యానికి నోచుకోలేదు. బొమ్మకు కాస్త ఒంపులు ఎక్కువైతే ఆయాసపడి బిగుసుకుపోయేది. కాబట్టి నున్నటి ఆకారాలు, స్పష్టమైన కోతలు, బొమ్మలాంటి బొమ్మ. లేనితనం వల్ల పుట్టిన తీరే తరవాత వసంత తీరైంది. ఆమె బొమ్మ ఎక్కడ కనపడినా చటుక్కున గుర్తుపట్టేవారంటే, ఆ ముసలి మిషనుకు కూడా ఒక దండం పెట్టాల్సిందే.

మొదట్లో అన్నీ తప్పులే. కోసే ఆకారం, కోయబడే ఆకారం అంచులు సరిగ్గా సమానంగా ఉంటే మిషను తికమకపడి బొమ్మను చింపేసేది. కోసేది కొంచెం బయటికి పొడుచుకుని ఉండాలి. కోతకు ముందు సేవ్ చేసి దాచుకోకపోతే కరెంటు పోయినప్పుడు మొత్తం పోయేది. ఆ రోజుల్లో కరెంటు పోవడం కూడా అదో వేళాపాళా లేని వ్యవహారం. అయినా వసంత పట్టు వదల్లేదు. తండ్రి ఆటోను చేసింది. డబ్బా మూలలు కోసి, చక్రాల చోట్ల గొట్టాలతో తొలిచి, అద్దం చోట కన్నం పెట్టి పసుపు రంగు వేసింది. సింహాద్రి ఆ బొమ్మ ప్రింటు తీయించుకుని ఆటోలో డ్రైవరు సీటు ముందు అంటించాడు. ఎక్కిన ప్రతివాడికీ "మా గుంట సేసింది" అని చెప్పేవాడు. రైలుకు వేళైపోతోందని వాళ్లు మొత్తుకున్నా సరే, చెప్పాకే బండి తీసేవాడు.

జోగమ్మది వేరే లెక్క. ఆమెకు కూతురి మీద కోపం లేదు. భయం. కంప్యూటరు బొమ్మలు కూడు పెట్టిన ఇల్లు ఆమె ఎక్కడా చూడలేదు. పొట్టు తీసే పని పెట్టిన ఇళ్లు చాలా చూసింది. అందుకే కొత్త సీజను మొదలయ్యే ముందు, ఫ్యాక్టరీలో పప్పు ఏరే ఆడవాళ్లకు పెద్దయిన రాజులమ్మతో మాట్లాడి, తన పక్క పీటను వసంత కోసం ఖాళీగా ఉంచమంది.

సరిగ్గా అప్పుడే, రెండువేల నాలుగులో, సన్యాసిరావు షావుకారికి ఒక కోరిక పుట్టింది. అప్పటిదాకా ఆయన పప్పు డబ్బాల్లో ఊళ్లు దాటి, వేరేవాళ్ల పేరు తగిలించుకుని అమ్ముడుపోయేది. ఇక నుంచి తన పాకెట్టు, తన పేరు. పేరు జీడిబాబు. పాకెట్టు మీద ఒక బొమ్మ ఉండాలి. ఆ బొమ్మే లోకల్ కేబుల్ టీవీలో గిర్రున తిరగాలి. గోవిందుకు కబురు వచ్చింది. గోవిందు వసంతను పక్కకు పిలిచి ఉన్నమాట చెప్పాడు.

"ఈ బొమ్మ నువ్వు చెయ్యి. సావుకారు ఒప్పుకుంటే ఈ మూల మిషను నీది, జీతం మీద పెట్టుకుంటాను. ఒప్పుకోకపోతే దీన్ని తీసేసి ఇక్కడ జెరాక్సు మిషను పెడతాను. నాకూ ఇల్లు గడవాలి కదమ్మా."

అంటే ఆ బొమ్మ నిలిస్తే వసంత కుర్చీలో ఉంటుంది. నిలవకపోతే తల్లి పక్క పీట మీద ఉంటుంది. మధ్యలో మరో దారి లేదు.

వసంత కడియం ఆకారంతో మొదలుపెట్టింది. డబ్బాతో కోసి సగం తీసేస్తే నెలవంక మిగిలింది. రెండు కొసలకూ బంతులు కలిపి మొద్దుగా చేసింది, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. జీడిపప్పు వచ్చేసింది. రెండు చిన్న బంతులతో తొలిస్తే కళ్లు పడ్డాయి. వంకర గొట్టంతో తీసేస్తే నవ్వు పడింది. సెంటర్లో పిల్లలు టైపింగు మానేసి వచ్చి చుట్టూ మూగారు. గోవిందు కూడా వచ్చి నిలబడి చూశాడు.

సన్యాసిరావు వచ్చాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఈ కళ్ల కాడ కన్నాలేటి?"

"కళ్లేనండి" అంది వసంత.

"కళ్లు నీకు. నాకు పురుగు తొలిసిన కన్నాలు. ఆ మూతి కాడ కత్తి గాటేటి? ఇలాటి పప్పు గంపలో కనబడితే ఏటి సేత్తారో ఇంటికెళ్లి మీ అమ్మనడుగు. నా పేరెట్టి అమ్మే మొదటి పాకెట్టు మీద పుచ్చు పప్పు బొమ్మేత్తావా తల్లీ?"

బయటి ఊరి షావుకారు అయితే ఆ బొమ్మను చూసి ముచ్చటపడి డబ్బిచ్చి పోయేవాడు. ఇది పలాస. ఇక్కడ పప్పుకు కన్నం కనపడితే మనిషి దాన్ని ముట్టుకోడు. సన్యాసిరావుది మొండితనం అనేవాళ్లు అనుకోనీ, తన సరుకు మీద అంత పట్టింపు లేనివాడు పేరు పెట్టి అమ్మకూడదు. ఆ సంగతి వసంతకు తెలుసు. తెలిసి కూడా చేసింది కాబట్టే ఆమె తల వంచుకుంది. తెరమీద అది ఆమెకు డబ్బా, బంతి, కడియం అయిపోయింది గానీ, పప్పు అన్న సంగతే మరిచిపోయింది.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు, సాయంత్రానికల్లా కబురు ఫ్యాక్టరీకి పాకింది. జోగమ్మ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూ ఒక్క మాటే అంది.

"పప్పుకి కన్నమెట్టినావంట. అందరూ నన్నడిగినారు."

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఆ రోజు జోగమ్మ సిగ్గుపడింది, అది చూసి వసంతకు అన్నం దిగలేదు.

షావుకారు ఇంకో అవకాశం ఇచ్చాడు. వసంత ఈసారి పంతంగా పని చేసింది. ఎక్కడా కోత లేదు. అతుకు కనపడకుండా కొసలు నున్నగా చేసింది. రంగు ఎక్కడా మారకుండా దంతపు తెలుపు పూసింది. గోవిందు రంగుతో కళ్లు దిద్దుదామంటే ఒప్పుకోలేదు; రంగు పెడితే మచ్చ పప్పు. బంతులు అంటిద్దామన్నాడు. అంటిస్తే పప్పు మీద ఈగలు వాలినట్టుంది, అవీ పీకేసింది. పొట్టు తీసే ఇంటి పిల్ల కదా, తీసెయ్యడం మొదలుపెడితే ఆగడం తెలియదు. ఒక్క మరక లేని, ఒక్క గాటు లేని పప్పు మిగిలింది.

సన్యాసిరావు దాన్ని అటూ ఇటూ తిప్పించి చూశాడు.

"శానా బాగున్నాది. మా ఫ్యాక్టరీలో ఇంత మంచి గుండు ఏడాదికొకటి వత్తే గొప్ప. మరి బొమ్మేదమ్మా? ఇది పప్పు. బాబేడి?"

గోవిందు ఆ మధ్యాహ్నం జెరాక్సు మిషన్లవాడికి ఫోను చేసి ధర అడిగాడు. పక్క గదిలో కూర్చున్న వసంతకు వినపడింది. షావుకారు మంచివాడు కాబట్టి "వచ్చే సంతకి సూద్దాంలే" అన్నాడు గానీ, ఆ మాటలో ఆశ లేదని అందరికీ తెలుసు.

మర్నాడు ఆమె సెంటరుకు పోలేదు. తల్లితో కలిసి ఫ్యాక్టరీకి నడిచింది. జోగమ్మ తన పక్క పీటను కొంగుతో తుడిచి, కత్తి ఒకటి చేతికిచ్చింది. వసంత కూర్చుంది. చుట్టూ ఆడవాళ్ల మాటలు, గంపల్లో పప్పు రాలే చప్పుడు, గాలిలో పొట్టు ధూళి. ఇక బతుకంతా ఇదే అనుకుంటే గుండె బరువెక్కింది. ఆ బరువు చేతికి దిగి కత్తి జారింది. పప్పు మీద సన్నటి గాటు పడింది.

రాజులమ్మ అటుగా వస్తూ చూసింది. ఆ పప్పు తీసి ముక్కల గంపలో పడేసింది.

"ఏటే వసంతా, సెలవుల్లో బాగానే ఒలిసేదానివి గదే. కత్తి పొట్టుకెట్టు, పప్పుకెట్టకు. కోసేది పొట్టునే. లోన ఉన్నది దానంతటదే వత్తాది."

కొత్తగా చేరిన ప్రతిదానికీ రాజులమ్మ చెప్పే మాటే అది. వసంత ప్రతి సెలవుల్లోనూ వినీ వినీ చెవికి ఎక్కడం మానేసిన మాట. ఇంకో పప్పు తీసుకుంది. కత్తి మొనతో పొట్టును రేపి ముందువైపు ఒక పొర లాగింది. నెత్తిమీద పొట్టు అలాగే ఉంది. మధ్యలో గుండ్రంగా తెల్లటి చోటు తేలింది. అందులో ఒలవకుండా మిగిలిపోయిన చిన్న చిన్న పొట్టు చుక్కలు రెండు.

వసంత కత్తి కింద పెట్టేసింది.

అది మొహం. పప్పుకు ఏమీ కాలేదు. గాటు లేదు, కన్నం లేదు, మచ్చ లేదు. కోత అంతా పొట్టుకే పడింది. ఇన్నాళ్లూ ఆమె కొయ్యకూడనిదాన్ని కోసింది, లేదా కోతే మానేసింది. కోయదగ్గది ఒకటుందని, అది తల్లి వేళ్లకు రోజూ అంటుకునేదేనని తోచలేదు.

"పప్పుని సూసుకుంటా కూకుంటే పని జరుగుతాదేటే?" అంది రాజులమ్మ.

"నేదు పెద్దమ్మా, జరగదు. నాను ఎల్లాల" అంటూ లేచి, జోగమ్మ నోరు తెరిచేలోపు గేటు దాటేసింది.

ఆలోచన రావడం ఒకెత్తు, మిషను చేత ఒప్పించడం ఇంకొకెత్తు. పప్పు బొమ్మ సిద్ధంగానే ఉంది. దానికి పొట్టు తొడగాలి. మొదట పప్పును నకలు చేసి, ఇటుకరంగు వేసి, అక్కడే పెట్టింది. రెండూ ఒకే చోట ఉండేసరికి తెల్లదీ ఎర్రదీ కలిసి తెరమీద తళతళమని చెదిరిపోయాయి. సరే, నకలును కొంచెం పెంచింది. బయటి వంక సరిపోయింది గానీ, లోపలి వంకలో పప్పు పొట్టును చీల్చుకుని బయటికొచ్చింది. వంకర వస్తువును పెంచితే అన్ని పక్కలా సమానంగా లావెక్కదు. ఆ పూటంతా దానితోనే పోయింది. చివరికి పెంచడం మానేసి, మొదటి నుంచి అదే కడియాన్ని ఇంకాస్త లావు ఒంటితో మళ్లీ చేసి, అదే డబ్బాతో కోసి, కొసలకు ఇంకాస్త పెద్ద బంతులు కలిపింది. పప్పు దాని కడుపులో ఎటు చూసినా ఒకే ఎడంతో ఇమిడిపోయింది.

ఇక కోత. ముందువైపు నుంచి పెద్ద బంతిని పొట్టులోకి దూర్చి తీసెయ్యమంది. పప్పు వేరే వస్తువు కాబట్టి దాన్ని కోత తాకలేదు. పొట్టు మాత్రం గుండ్రంగా తెరుచుకుని, లోపల తెల్లటి మొహం కనపడింది. నెత్తిన మిగిలింది టోపీ అయింది. కొయ్యకముందే ఆ పొట్టుకు నకలు ఒకటి తీసి ఆమె పక్కన దాచి ఉంచింది. కోత సామాను పారెయ్యకపోవడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. ఆ నకలులోకి రెండు సన్నటి గొట్టాలు దూర్చి, ఈసారి తీసెయ్యమనలేదు, ఉమ్మడిగా ఉన్నది మాత్రం ఉంచమంది. రెండు పొట్టు చుక్కలు మిగిలాయి. అవి కళ్లు. సన్నటి కడియం ముక్కతో అలాగే చేస్తే నవ్వు మిగిలింది. మిషను రెండుసార్లు బిగుసుకుపోయింది, ఒకసారి కరెంటు పోయింది. ఆమె ప్రతి కోతకూ ముందు దాచుకుంది కాబట్టి ఏదీ పోలేదు.

గోవిందు వచ్చి చూశాడు. బొమ్మను ఒక చుట్టు తిప్పించాడు.

"ఇది నేను చెప్పలేదు నీకు" అన్నాడు చివరికి. ఆయన గొంతులో కించ లేదు, సంతోషమే ఉంది. "సావుకారుని పిలవనా?"

సన్యాసిరావు వచ్చి చూశాడు. ఈసారి కళ్లజోడు తుడవలేదు. పెదవులు నవ్వబోయి ఆగిపోయాయి. రెండుసార్లు చేదు తగిలిన మనిషి కదా.

"నాకు బాగానే ఉన్నాది. కానీ నా కళ్ల మీద నాకు నమ్మకం పోయినాది. పప్పుకి పేరెట్టేది మా ఆడోల్లు. వోల్లు గుండన్నదే నాను గుండని అమ్ముతున్నాను ఇన్నాళ్లూ. ఇది ఫ్యాక్టరీకి అట్టుకురండి. రాజులమ్మ ఏ గంపలో ఎయ్యమంటే ఆ గంపే."

అలా ఆ మర్నాడు ఉదయం, పలాస చరిత్రలో మొదటిసారి, ఒక కంప్యూటరు పప్పు గ్రేడింగుకు బయల్దేరింది. సింహాద్రి ఆటోలో ఇంట్లో ఉన్న బొంతలన్నీ పరిచాడు. టీవీ అంత మానిటరును వసంత ఒళ్లో పెట్టుకుంది, గోవిందు సీపీయూ డబ్బాను కౌగిలించుకున్నాడు. దారిలో ప్రయాణికులు చెయ్యెత్తితే సింహాద్రి బండి ఆపి మరీ "ఈయేల ఎక్కించుకోను, మా గుంట పప్పుని అట్టుకెల్తన్నాను" అని చెప్పి వెళ్లాడు. ఆపకుండా కూడా వెళ్లొచ్చు. అప్పుడు చెప్పడం ఎలా?

ఫ్యాక్టరీలో ఏరుడు బల్ల మీద మానిటరు పెట్టారు. కరెంటును నమ్మక షావుకారు జనరేటరు వేయించాడు. ఆడవాళ్లందరూ పీటల మీంచి లేచొచ్చారు. చేతులు కొంగుకు తుడుచుకుంటూ జోగమ్మ అందరికన్నా వెనక నిలబడింది. ముందుకు రమ్మంటే రాలేదు.

జీడిబాబు తెరమీద నిలబడ్డాడు. రాజులమ్మ మొహాన్ని చూడలేదు.

"ఎనక్కి తిప్పు" అంది.

వసంత తిప్పింది.

"కింద కొస సూపించు. వంక లోన సూపించు. ఇంకా దగ్గరగా."

చేతిలో పప్పును వేళ్లతో దొర్లించి చూసినట్టే, ఒక్కో పక్కా చూసింది. వసంత మౌసు పట్టుకుని చెప్పినట్టల్లా తిప్పుతోంది.

"పొట్టు మిగిలున్నాది" అంది రాజులమ్మ.

సన్యాసిరావు మొహం వాడిపోయింది. గోవిందు నేలచూపులు చూశాడు. కానీ ఈసారి ఆమె తల వంచుకోలేదు. ఇది ఆమెకు తెలిసిన సంగతి. పుట్టి పెరిగిన సంగతి.

"పొట్టు మిగిలితే ఏ గంపలో ఏత్తావు పెద్దమ్మా?" అని అడిగింది.

రాజులమ్మ చివ్వున తలెత్తింది.

"గంపలో ఎందుకేత్తాం? పీట కాడికి ఎనక్కొత్తాది."

"ఎందుకొత్తాది?"

"పని మిగిలిపోయింది గనక. పొట్టుంటే తప్పు ఒలిసినోల్లది, పప్పుది కాదు."

"అయితే లోనున్న పప్పేటి?"

రాజులమ్మ మళ్లీ తెరవైపు తిరిగింది. ఈసారి మొహాన్ని చూసింది. టోపీని, చుక్కల కళ్లను, పక్కకి లాగిన నవ్వును చూసింది. జీవితంలో ముప్పావు వంతు పప్పులు ఒలిచిన మనిషి. సగం ఒలిచిన పప్పు చేతిలో పట్టుకుని ఎన్నిసార్లు ఆ మొహాన్ని చూసి, చూడనట్టు ఒలిచేసిందో ఆమెకే తెలియాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా నవ్వు ఆగలేదు.

"గుండే" అంది. "బాబూ, ఇది గుండేనండి. ఒక్క గాటు నేదు. ఈడు మా సేతిలో ఉన్నప్పుడు ఇలాగే ఉంటాడండి."

అంతే, ఆడవాళ్లందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నాకు నిన్ననే ఇలాంటిది దొరికిందని ఒకామె, వీడి కన్ను కాస్త పెద్దదవ్వాలని ఇంకొకామె. తమ చేతిలో రోజూ కాసేపు ఉండి గంపలోకి పోయే పప్పు, ఊరంతా చూసేలా పాకెట్టు మీదికి ఎక్కుతోందని వాళ్లకు అర్థమైంది. సన్యాసిరావు గోవిందు భుజం తట్టి, "అచ్చుకిచ్చేయండి" అన్నాడు. గోవిందు వసంత వైపు చూసి, "ఇక జెరాక్సువాడికి వద్దని చెప్పాలి" అన్నాడు. వసంత ఏడవకూడదనుకుంది. అనుకున్నవన్నీ జరుగుతాయా?

గుంపు పలచబడ్డాక జోగమ్మ మెల్లగా బల్ల దగ్గరికొచ్చింది. తెరకు మొహం దగ్గరగా పెట్టి, పప్పు నలుపక్కలా తనే చూసుకుంది. పక్కనున్న ఆడవాళ్లలో ఒకామె, "పొట్టు ఎంత నీటుగా కోసిందే నీ కూతురు" అంది. జోగమ్మ మెడ నిటారుగా లేచింది. ఆమె అంత ఎత్తు మనిషని వసంత ఎప్పుడూ గమనించలేదు.

"మరి ఎవల కూతురేటి?" అంది జోగమ్మ.

సింహాద్రి బొంతలు తెచ్చి మానిటరు చుడుతున్నాడు. వసంత వైర్లు చుడుతూ తల్లి గొంతు విని ఆగింది. జోగమ్మ రాజులమ్మ దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా, నెమ్మదిగా చెబుతోంది.

"అక్కా, నా పక్క పీట ఎవలికైనా ఇచ్చెయ్. మా వసంత రాదు. దానికి పనున్నాది."